ఆటకు ముందే మేళం

సినిమాకి సంగీతం కూర్చేవాళ్ళకి ఒక సౌకర్యం ఉంది. కథ ఎలా ముగుస్తుందో వాళ్ళకి ముందే తెలుసు. తెర మీద హీరోయిన్ ఇంకా నవ్వుతూనే ఉంటుంది, వెనకాల వయొలిన్లు మాత్రం మూలగడం మొదలుపెడతాయి. "అయ్యో, ఈ పిల్లకేదో కీడు రాబోతోంది" అనుకుంటూ హాల్లో మనం పమిట చెంగు కళ్ళ దగ్గరికి తెచ్చేసుకుంటాం. ఆ సంగతి వయొలిన్లకి ఎలా తెలిసిందంటారా? సంగీత దర్శకుడు ఆ రీలు మనకంటే ముందే చూశాడు కాబట్టి.

మరి ఆటల పోటీలకి సంగీతం కూర్చమంటే? అక్కడ రీలు లేదు. కథ ఇంకా జరగనే లేదు. పరుగెత్తే పిల్ల గెలుస్తుందో, ఆఖరి గీత దగ్గర కాలు మెలికపడి కూలబడుతుందో దేవుడికే ఎరుక. బాణీ మాత్రం ముందుగానే కట్టాలి. పాడేవాళ్ళనీ వాయించేవాళ్ళనీ కూర్చోబెట్టి సాధన చేయించాలి. పోటీలు మొదలయ్యే రోజున అది మోగాలి. తర్వాత ఫలితం ఏమైనా సరే, మోగిన పాటని వెనక్కి తీసుకోవడం కుదరదు. సినిమా సంగీతంలో తలపండినవాళ్ళకి కూడా ఇది కొత్త పరీక్షే.

మన దేశంలో ఆ పరీక్షకి కూర్చున్నవారు పండిట్ రవిశంకర్. 1982లో ఢిల్లీలో తొమ్మిదో ఆసియా క్రీడలు జరిగాయి. ఏషియాడ్ అని మనమంతా ముద్దుగా పిలుచుకున్నవి అవే. వాటికి స్వాగత సంగీతం ఆయన కూర్చారు. మాటలు రాసినవారు హిందీ కవి పండిట్ నరేంద్ర శర్మ. ఏనుగు పిల్ల అప్పు బొమ్మ ఎంతగా గుర్తుండిపోయిందో, ఆ "స్వాగతం" బాణీ కూడా ఆనాటివాళ్ళకి అంతగానూ గుర్తుండిపోయింది.

"రవిశంకర్ గారు సితారు విద్వాంసులు కదమ్మా, సినిమా ఆయన ఎప్పుడయ్యారు?" అని మీలో కొందరికి అనుమానం రావచ్చు. ఎప్పుడో అయ్యారు. సత్యజిత్ రాయ్ తీసిన "పథేర్ పాంచాలి" 1955లో వచ్చింది. దానికి సంగీతం ఆయనదే. సినిమా అంతా కూడా చూడలేదు, సగం మాత్రం చూసి, ఒక్కసారి కూర్చుని పదకొండు గంటల పాటు ఏకబిగిన రికార్డింగు ముగించారు. అందులో ఒక ఘట్టం ఉంది. ఊరు వెళ్ళిన తండ్రి కూతురి కోసం చీర కొనుక్కుని తిరిగివస్తాడు. కూతురు చనిపోయిందన్న సంగతి ఆయనకి తెలియదు. చీర చేతికిచ్చేసరికి తల్లి గుండె పగిలి ఏడుస్తుంది. కానీ ఆ ఏడుపు మనకి వినిపించదు. దాని చోట తార్ షెహనాయి అనే వాద్యం ఆక్రోశిస్తుంది. కన్నతల్లి గొంతు కంటే ఆ తీగె గొంతే ఎక్కువ కోస్తుంది. ఆ బిడ్డ ఇక లేదని తెలిసినవాడు కట్టిన సంగీతం అది. హృషీకేశ్ ముఖర్జీ "అనురాధ"కీ, గుల్జార్ "మీరా"కీ కూడా సంగీతం ఆయనే ఇచ్చారు.

ఇంకో సంగతి. మన సంప్రదాయంలో విద్వాంసుడంటే వేదిక మీద ఒక్కడే రాజు. పక్క వాద్యాలు ఆయన మనసెరిగి నడవాల్సిందే. ఇరవై, ముప్ఫై వాద్యాలు కాగితం మీద రాసిన స్వరాలు చూసుకుంటూ ఒక్కమాటగా మోగడం మనకి అలవాటైంది ముఖ్యంగా సినిమా స్టూడియోల వల్లా, రేడియో వల్లా. రవిశంకర్ ఢిల్లీ ఆకాశవాణిలో ఉండగా అక్కడి జాతీయ వాద్యబృందాన్ని తీర్చిదిద్దినవారు. మన ద్రాక్షారామం బిడ్డ, వైణిక శిఖామణి ఈమని శంకరశాస్త్రి గారు మద్రాసులో జెమినీ స్టూడియో సంగీత విభాగంలో పనిచేసి, తర్వాత ఆకాశవాణిలో చేరి, కొంతకాలానికి అదే ఢిల్లీ వాద్యబృందాన్ని నడిపించారు. వీణ పట్టిన చేత్తోనే అన్ని వాద్యాలనూ ఒక్క తాటి మీదకి తెచ్చారు. కాబట్టి అంత పెద్ద పండగకి సంగీతం కావాలంటే సినిమా, రేడియో రెండూ తెలిసినవారిని వెతకడంలో ఆశ్చర్యం లేదు. క్షణాల లెక్క చూసుకుని బాణీ కట్టడం వాళ్ళకి రోజూ వారీ పనే.

స్టేడియంలో వాయించడం అంటే గదిలో కచేరీ లాంటిది కాదు. శబ్దం క్షణానికి 340 మీటర్ల దూరమే వెళ్తుంది. మైదానం ఈ కొస నుంచి ఆ కొసకి పాట చేరేసరికి ఇంచుమించు ఒక క్షణం ఆలస్యం. గబగబా సంగతులు వేస్తే, అటువైపు కూర్చున్నవాళ్ళకి అన్నీ కలగలిసి పప్పుచారు అయిపోతాయి. అందుకని అలాంటి చోట్లకి పొడుగు స్వరాలు, తేటగా నిలిచే పదాలు కావాలి. పాశ్చాత్య దేశాలవాళ్ళు ఈ పని ఇత్తడి బాకాలకి అప్పగించారు. మనవాళ్ళు ఆరుబయట ఊరేగింపుకి వీణ పెట్టకుండా నాదస్వరం ఎందుకు పెట్టారో కూడా దీంతోనే తెలుస్తుంది. దేవుడు నాలుగు వీధుల అవతల ఉండగానే మనకి కబురందాలి కదా!

బాకాలంటే మొదట గుర్తొచ్చేది యుద్ధం. "రండి, తేల్చుకుందాం" అన్నట్టుంటుంది వాటి కేక. రవిశంకర్ ఆ దారి పట్టలేదు. గుమ్మంలో నిలబడి "రండి, కాళ్ళు కడుక్కోండి" అన్నట్టుండే పాట కట్టారు. పేరులోనే స్వాగతం ఉంది. 33 దేశాలవాళ్ళు వస్తుంటే, ఎవరు ఎవరిని ఓడిస్తారన్న ప్రసక్తి లేకుండా, వచ్చినవాళ్ళందరినీ చుట్టాలుగా చూసుకున్న బాణీ అది.

ఇదంతా నేను పుస్తకాలు చూసి చెబుతున్న మాట కాదు. ఆ పాట మా ఊరికి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి.

మా అత్తవారిది సూళ్ళూరుపేట. అప్పుడు నెల్లూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. ఎక్కడ కలిపినా పులికాటు గాలి ఒకటే అనుకోండి. సరస్సుకి అవతల శ్రీహరికోట. 1980 జూలై 18న మన రాకెట్టు మొదటిసారి మన ఉపగ్రహాన్ని ఆకాశంలో నిలబెట్టింది అక్కడి నుంచే. ఆకాశానికి రాకెట్లు పంపే తీరమే గానీ, ఇంట్లో టెలివిజను బొమ్మ నిలవడం మాత్రం గగనంగా ఉండేది. హైదరాబాదు కేంద్రం 1977లోనే వచ్చినా అంత దూరం నుంచి మాకు అందదు. 1975లో మొదలైన మద్రాసు కేంద్రమే మాకు దిక్కు. దానికోసం డాబా మీద కొబ్బరిచెట్టంత ఇనప గొట్టం పాతి, దాని కొసన ఏంటెన్నా కట్టేవారు. సముద్రం గాలి కాస్త గట్టిగా వీచిందంటే ఏంటెన్నా ఇంకో దిక్కుకి తిరిగిపోయేది. డాబా మీద ఒక కుర్రాడు, మెట్ల మీద ఇంకో కుర్రాడు, గదిలో పెద్దాయన. "వచ్చిందా?" "రాలేదు." "ఇప్పుడో?" "వచ్చింది, వచ్చింది... పోయింది!"

1982 నవంబరు 19న, ఏషియాడ్ మొదలైన రోజున, మా పక్కింటి హాల్లో ముప్ఫైమందిమి కూర్చున్నాం. ఢిల్లీ నుంచి ఆ కార్యక్రమం రంగుల్లో ప్రసారమైంది. మన దేశంలో రంగుల టెలివిజను వచ్చింది ఆ ఏడాదే. పక్కింటివాళ్ళ పెట్టెలో మాత్రం తెలుపూ నలుపూనే, అందులోనూ తెలుపు చుక్కలే ఎక్కువ. బొమ్మ మాటిమాటికీ కరిగిపోతోంది. పాట మాత్రం తెగలేదు. గాయకబృందం గొంతులు నిలకడగా వస్తూనే ఉన్నాయి.

మా అత్తగారికి అప్పటికే చూపు మందగించింది. వరండాలో కూర్చుని తమలపాకులకి ఈనెలు తీస్తున్న ఆవిడ, ఆ పాట వినపడగానే తల తిప్పి, "ఏందమ్మాయ్, ఎవరింట్లో పెళ్ళి?" అన్నారు. అందరం నవ్వాం. "పెళ్ళి కాదత్తయ్యా, ఆటలు" అన్నాను. "ఆటలైతే మాత్రం, పిలిచేది చుట్టాల్నే కదా" అనేసి ఆవిడ ఆకుల పనిలో పడ్డారు.

ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ బాణీ గురించి అంతకంటే మంచి విమర్శ నాకెక్కడా కనపడలేదు. పెళ్ళిమేళం సంగతే చూడండి. తాళి కట్టేటప్పుడు గట్టిమేళం అందుకునే నాదస్వరం ఆయనకి, ఆ కాపురం ఎలా సాగుతుందో తెలుసా? అల్లుడు బుద్ధిమంతుడో, తాగుబోతో, అత్తగారు వెన్నపూసో, ఉప్పుకారమో ఆయనకేం తెలుసు? అయినా పొట్ట నిండా ఊపిరి పీల్చుకుని మంగళంగానే వాయిస్తాడు. ముందు ముందు ఏం జరగబోతోందో చెప్పడానికి కాదు ఆ మేళం. ఏం జరిగినా సరే, మొదలు మాత్రం శుభంగా ఉండాలని. ఆటల సంగీతం కూడా ఆ జాతిదే.

ఆ ఏషియాడ్ రోజుల్లోనే ఒక చిత్రం జరిగింది. రిచర్డ్ ఆటెన్‌బరో తీసిన "గాంధీ" సినిమా మొదటి ప్రదర్శన 1982 నవంబరు 30న ఢిల్లీలోనే వేశారు. దానికి జార్జ్ ఫెంటన్‌తో కలిసి సంగీతం ఇచ్చిందీ రవిశంకరే. అంటే ఒకే ఊళ్ళో, ఒకే పక్షంలో, ఒకే మనిషి సంగీతం రెండు చోట్ల మోగిందన్నమాట. సినిమా హాల్లో మోగినదానికి చివర మోగే తుపాకీ సంగతి ముందే తెలుసు. స్టేడియంలో మోగినదానికి ఏమీ తెలియదు.

ఏమీ తెలియకపోవడం ఎంత మేలైందో ఆ మర్నాడే తేలింది. డిసెంబరు 1న మగవాళ్ళ హాకీ ఫైనలు. పాకిస్తాన్‌తో. దేశమంతా పనులు మానుకుని చూసింది. 7-1 తేడాతో ఓడిపోయాం. గోల్‌కీపరు మీర్ రంజన్ నేగీని జనం ఎన్నెన్ని మాటలన్నారో చెప్పనక్కర్లేదు. ఆ స్వాగత గీతంలో "మేమే గెలుస్తాం, మాదే విజయం" అని గొప్పలు పోయి ఉంటే, ఆ సాయంత్రం అది ఎంత వెటకారంగా వినపడేదో ఊహించుకోండి. అందులో గొప్పలు లేవు. చుట్టాల్ని పిలిచాం, వచ్చారు, ఆడారు. పాటకి తలవంపులు రాలేదు.

ఇక్కడే ఇంకో మాట చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఆ ఏషియాడ్‌లోనే ఆసియా క్రీడల్లో మొట్టమొదటిసారిగా ఆడవాళ్ళ హాకీ పెట్టారు. ఎలీజా నెల్సన్ కెప్టెన్‌గా మన అమ్మాయిలు బంగారు పతకం గెల్చుకొచ్చారు. 400 మీటర్ల హర్డిల్స్‌లో ఎం.డి. వల్సమ్మ బంగారం తెచ్చింది. పద్ధెనిమిదేళ్ళ పి.టి. ఉష 100, 200 మీటర్ల పరుగుల్లో రెండు వెండి పతకాలు తెచ్చింది. మొత్తం 13 బంగారు పతకాలతో మనం అయిదో స్థానంలో నిలిచాం. కానీ ఇప్పటికీ 1982 అనగానే మగవాళ్ళ 7-1 అందరి నోటా ఉంటుంది. ఆడపిల్లల బంగారం ఎందరి నోట ఉంది? ఇంట్లో అన్నగారు పరీక్ష తప్పిన ఏడుపులో, చెల్లెలు ఫస్టు క్లాసులో పాసైన సంగతి ఎవరికీ పట్టనట్టు!

రెండేళ్ళకి, 1984లో, లాస్ ఏంజిలిస్‌లో ఒలింపిక్స్ వచ్చాయి. అక్కడా సంగీతం సినిమా ఆయనకే అప్పగించారు. "జాస్", "స్టార్ వార్స్", "ఇ.టి." సినిమాల జాన్ విలియమ్స్. ఆయన పూర్తిగా బాకాల దారి పట్టారు. వాటి పిలుపు వింటుంటే ఎవరికైనా వెన్ను నిటారవుతుంది. ఆ సంగీతానికి గ్రామీ బహుమానం కూడా వచ్చింది. ఎవరి మర్యాద వారిది, ఎవరి గుమ్మం వారిది. వాళ్ళ గుమ్మంలో బాకా ఊదితేనే పండగ.

ఆ ఒలింపిక్స్‌లోనే, ఆగస్టు 8న, మన ఉష 400 మీటర్ల హర్డిల్స్ ఫైనల్లో పరుగెత్తింది. మూడో స్థానం వచ్చిన రుమేనియా అమ్మాయికి 55.41 క్షణాలు, ఉషకి 55.42. క్షణంలో నూరో వంతు తేడాతో పతకం పోయింది. కనురెప్ప వాల్చడానికి కూడా అంతకంటే ఎక్కువ కాలమే పడుతుంది. ఆ పోటీలో మొదట వచ్చిన మొరాకో అమ్మాయి నవాల్ ఎల్ ముతవకిల్‌కీ, నాలుగో స్థానంతో తిరిగొచ్చిన మన అమ్మాయికీ విలియమ్స్ బాకాలు ఒకేలా స్వాగతం చెప్పాయి. మొదలుపెట్టేటప్పుడు ఆ నూరో వంతు ఎవరి వాటాకి వస్తుందో వాటికి తెలియదు.

ఆటల సంగీతం, సినిమా సంగీతం అప్పుడప్పుడూ ఇళ్ళు మార్చుకుంటూంటాయి కూడా. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో పరుగెత్తినవాళ్ళ కథ "చారియట్స్ ఆఫ్ ఫైర్" 1981లో సినిమాగా వచ్చింది. దానికి గ్రీకు సంగీత దర్శకుడు వాంగెలిస్ కట్టిన బాణీ ఎంత పేరు తెచ్చుకుందంటే, ఎక్కడ ఎవరు పరుగెత్తినా దాన్నే వేయడం మొదలుపెట్టారు. 2012 లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో మిస్టర్ బీన్ వేషధారి ఒంటి వేలితో అదే స్వరం నొక్కుతూ విసుగు నటించి అందర్నీ నవ్వించాడు. 2002లో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలకి వాంగెలిస్ చేతే కొత్త సంగీతం రాయించుకున్నారు.

మన దగ్గరా అలాంటిదే జరిగింది. 2002లో మాంచెస్టరు కామన్వెల్తు క్రీడల్లో మన మహిళా హాకీ జట్టు బంగారు పతకం గెల్చింది. ఆ గెలుపూ, 1982లో నేగీ పడ్డ అవమానమూ గుర్తుకొచ్చేలా "చక్ దే ఇండియా" సినిమా 2007లో వచ్చింది. సలీం - సులేమాన్ కట్టిన దాని పాట ఇప్పుడు నిజమైన స్టేడియాల్లో మోగుతోంది. ముగింపు తెలిసి కట్టిన పాట, ముగింపు తెలియని ఆటల్లోకి కాపురానికొచ్చిందన్నమాట. మన జట్టు గెలిచిన రోజున అది ఎంత బాగుంటుందో చెప్పలేను. ఓడిన రోజున మాత్రం దాన్ని వేయడానికి ఎవరికీ చెయ్యి రాదు.

2010లో ఢిల్లీ కామన్వెల్తు క్రీడలకి ఎ.ఆర్. రహమాన్ పాట కట్టారు. బతుకు, లే, ముందుకు సాగు, గెలువు అని దాని పేరుకి అర్థం. రహమాన్ ప్రతిభకి వంక పెట్టేవాళ్ళెవరుంటారు? కానీ జనం ఆ పాటని పెద్దగా అక్కున చేర్చుకోలేదు. "గెలువు" అన్న ఆజ్ఞ కంటే "రండి" అన్న పిలుపే మనవాళ్ళకి దగ్గరగా ఉంటుందేమోనని నా అనుమానం. అత్తగారి మాట నా చెవిలో ఉంది కాబట్టి అలా తోస్తోందేమో, మీరే చెప్పండి.

మా తీరం సంగతీ మారింది. 2007 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఎగిరిన రాకెట్టు ఇన్‌శాట్-4సి.ఆర్. అనే ఉపగ్రహాన్ని పైకి చేర్చింది. డాబాల మీది పళ్ళెం లాంటి డిష్షుల్లోకి నేరుగా బొమ్మలు పంపడానికి పనికొచ్చే ఉపగ్రహం అది. ఆ రోజు సూళ్ళూరుపేటలో మిద్దెలెక్కి ఆ మంటనీ పొగనీ చూసినవాళ్ళలో, ఒకప్పుడు ఏంటెన్నా తిప్పిన కుర్రాళ్ళూ ఉన్నారు. అప్పటికి వాళ్ళ జుట్టు నెరవడం మొదలైంది.

జాన్ విలియమ్స్ మాత్రం పని మానలేదు. తొంభయ్యేళ్ళ వయసులో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ ఫైనల్ ప్రసారానికి ఆయన కొత్తగా వాద్యసంగీతం రాసిచ్చారు. 2023 జనవరి 9న ఆ ఆట జరిగింది. ఫలితం ఎంతో తెలుసా? 65-7! మన 7-1 దాని ముందు ఎంత? ఓడిన టెక్సస్ పిల్లలూ, గెలిచిన జార్జియా పిల్లలూ ఆట మొదలయ్యేముందు వరకూ ఒకే సంగీతానికి వారసులు. ఆ సంగీతం ఆ అరవై అయిదింటిని ముందే పసిగట్టి ఉంటే, ఏడు తెచ్చుకున్నవాళ్ళ వైపు మొహమే తిప్పేది కాదు.

రెండు నెలలకి, మార్చి 12న, మన కీరవాణి గారు తెలుగు సినిమా పాటకి ఆస్కారు అందుకున్నారు. తెలుగు బాణీ ప్రపంచం నోట ఆడింది. ఏదో ఒకనాడు ఏదో ఒక పెద్ద పోటీకి, మనవాళ్ళలో ఒకరిని కూర్చోబెట్టి స్వాగతం కట్టమంటారనే నా ఆశ. కట్టేవారికి నేను చెప్పగలిగిన సలహా ఒక్కటే. నాలుగో స్థానంలో వచ్చే పిల్లని కూడా మనసులో పెట్టుకోండి. ఆ పిల్ల కూడా అదే పాట వింటూ లోపలికి నడిచి వస్తుంది.

ఇక మనకి. టి.వి.లో ఆట మొదలయ్యేముందు ఆ సంగీతం రాగానే, "ఇంకా ఆట మొదలవలేదు కదా" అని వంటింట్లోకి లేచి వెళ్ళిపోవడం మనలో చాలామందికి అలవాటు. ఈసారి ఒక్క అరనిమిషం కూర్చుని వినండి. పాలు పొంగితే పొంగనీండి. ఆ అరనిమిషంలో ఇంకా ఎవరూ ఓడిపోలేదు.